కేబుల్ పెట్టినా ట్రాఫిక్ వైఫై మీదే పోతుంటే: ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఎక్కడ వెతకాలి, ఏది మార్చాలి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ కార్యాలయంలో విండోస్ 10, విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. డాక్‌కు (ల్యాప్‌టాప్‌ను టేబుల్ దగ్గరి కేబుళ్లన్నిటితో ఒకేసారి కలిపే పెట్టెకు) తగిలించగానే ఈథర్నెట్ (కేబుల్ కనెక్షన్) వస్తోంది, కానీ వైఫై కూడా తెగిపోకుండా అలాగే ఉంటోంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఫైల్ సర్వర్ నుంచి కాపీ చేసేటప్పుడూ, వీడియో సమావేశాలలోనూ డేటా మొత్తం వైఫై మీదుగానే వెళ్తోంది. ఈథర్నెట్ మెట్రిక్‌ను, అంటే ఏ కనెక్షన్‌కు ముందు చోటు ఇవ్వాలో విండోస్‌కు చెప్పే అంకెను (చిన్నదైతే ముందు చోటు), చేత్తో 1 చేసి చూశారు. కొన్నిటిలో ఫలితం కనిపించింది, కొన్నిటిలో కనిపించలేదు. కనిపించినవి కూడా ఉద్యోగి మరో టేబుల్ దగ్గర కూర్చోగానే మళ్లీ మొదటికొచ్చాయి.

మెట్రిక్‌ను చేత్తో మార్చడం ఈ సమస్యలో ఆఖరున చేయవలసిన పని అని నా అభిప్రాయం. సరైన ఈథర్నెట్ కనెక్షన్ ఉన్నప్పుడు విండోస్ తనంతట తానే దాన్ని వైఫై కంటే ముందు పెడుతుంది. అలా పెట్టడం లేదంటే ఆ కేబుల్ కనెక్షన్‌లో విండోస్‌కు ఏదో తక్కువగా కనిపిస్తోందని అర్థం. ఆ లోపం చాలాసార్లు ల్యాప్‌టాప్‌లో ఉండదు. గోడ సాకెట్‌లోనో, ప్యాచ్ కేబుల్‌లోనో, టేబుల్ మీది ఐపీ ఫోన్‌లోనో ఉంటుంది. దాన్ని చూడకుండా అంకె మార్చితే వైఫై మీదికి పోయే ట్రాఫిక్ కేబుల్ మీదికి వస్తుంది గానీ, ఆ కేబుల్ మాత్రం నెమ్మదిగానే ఉండిపోతుంది.

ఈ చర్చల్లో మూడు వేరువేరు సంగతులు ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి. రెండు కనెక్షన్లూ ఉన్నప్పుడు కొత్తగా మొదలయ్యే ట్రాఫిక్ ఏ దారిన వెళ్తుందన్నది మొదటిది, దాన్ని రూటింగ్ పట్టిక, అంటే ఏ గమ్యానికి ఏ దారో రాసి ఉండే జాబితా, నిర్ణయిస్తుంది. కేబుల్ ఉండగా వైఫై కలిసి ఉండాలా, తెగిపోవాలా అన్నది రెండవది, అది విండోస్ కనెక్షన్ మేనేజర్ అనే సర్వీసు చూసుకునే పని. సర్వర్, వెబ్‌సైట్ పేర్లకు ఐపీ చిరునామా ఏదో ఏ డీఎన్ఎస్ సర్వర్‌ను అడగాలన్నది మూడవది. మెట్రిక్ ప్రధానంగా మొదటిదాన్నే మారుస్తుంది. మీరు మార్చిన అంకె కొన్ని చోట్ల పని చేయకపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

కింద చెప్పే ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాను, పవర్‌షెల్‌లో (విండోస్ ఆదేశాల కిటికీలో) టైపు చేసేటప్పుడు అవే పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో, హైఫన్‌తో సహా ఇవ్వాలి.

సమస్య ఉన్న ల్యాప్‌టాప్‌ను అదే టేబుల్ దగ్గర, అదే డాక్‌కు తగిలించి ఉంచి పరీక్షించండి. మీ గదికి తెచ్చుకుని వేరే కేబుల్‌తో చూస్తే అసలు కారణం అక్కడే ఉండిపోతుంది. మొదట గెట్-నెట్‌అడాప్టర్ ఇచ్చి లింక్ స్పీడ్ వరుసను చూడండి. తర్వాత గెట్-నెట్‌ఐపీఇంటర్‌ఫేస్ ఇచ్చి ప్రతి ఇంటర్‌ఫేస్ (అంటే ఈథర్నెట్, వైఫై వంటి ఒక్కో కనెక్షన్) మెట్రిక్‌ను చూడండి. ఆపైన రూట్ ప్రింట్ ఇచ్చి 0.0.0.0 తో మొదలయ్యే వరుసలు ఎన్ని ఉన్నాయో, వాటి చివరి అంకెలు ఎంతో రాసుకోండి. ఫైండ్-నెట్‌రూట్ అనే ఆదేశానికి మీ ఫైల్ సర్వర్ ఐపీ చిరునామా ఇస్తే, ఆ సర్వర్‌కు వెళ్లడానికి విండోస్ ఏ ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకుంటోందో నేరుగా చెబుతుంది. టాస్క్ మేనేజర్‌లోని గ్రాఫ్ ఏ అడాప్టర్‌పై డేటా పారుతోందో చూపిస్తుంది గానీ, ఎందుకు పారుతోందో చెప్పదు.

విండోస్ దారిని ఎంచుకునే పద్ధతి కష్టమైనదేమీ కాదు. గమ్యస్థానానికి అత్యంత నిర్దిష్టంగా సరిపోయే రూట్ ఏదైతే అది మొదట గెలుస్తుంది. రెండు రూట్లు సమానంగా సరిపోతే, అంటే రెండు అడాప్టర్లకూ డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకు పంపే రౌటర్ చిరునామా) ఉంటే, మొత్తం మెట్రిక్ తక్కువ ఉన్నది గెలుస్తుంది. ఆ మొత్తంలో రెండు భాగాలుంటాయి: రూట్‌కు ఉన్న మెట్రిక్, ఇంటర్‌ఫేస్‌కు ఉన్న మెట్రిక్. రూట్ ప్రింట్ ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. గెట్-నెట్‌రూట్ విడివిడిగా చూపిస్తుంది కాబట్టి తేడా తెలియనప్పుడు దాన్నే వాడండి.

ఇంటర్‌ఫేస్ మెట్రిక్ ఆటోమేటిక్‌గా ఉన్నప్పుడు విండోస్ దాన్ని లింక్ వేగాన్ని బట్టి లెక్కిస్తుంది. మీ సమస్యలో పెద్ద భాగం ఈ లెక్కలోనే ఉందని నేను అనుకుంటున్నాను. విండోస్ 10 నుంచి వైర్‌లెస్ అడాప్టర్లకు ఒక పట్టిక, మిగిలినవాటికి మరొక పట్టిక ఉన్నాయి. ఒక గిగాబిట్ ఈథర్నెట్‌కు 25 వస్తుంది. వైఫైకి లింక్ వేగం 500 మెగాబిట్ల నుంచి 2 గిగాబిట్ల లోపు ఉంటే 30, 200 నుంచి 500 లోపు ఉంటే 35 వస్తుంది. ఇక్కడిదాకా ఈథర్నెట్‌దే పైచేయి. అయితే అదే ఈథర్నెట్ 100 మెగాబిట్లకు దిగిపోతే దాని మెట్రిక్ 35 అవుతుంది. ఈనాటి సాధారణ ల్యాప్‌టాప్‌లోని రెండు యాంటెనాల వైఫై 5 కార్డు 80 మెగాహెర్ట్జ్ చానెల్‌పై 866 మెగాబిట్ల లింక్ చూపిస్తుంది, అంటే దాని మెట్రిక్ 30. అంకె తక్కువ ఉన్నదే గెలుస్తుంది కాబట్టి వైఫై ముందుకు వస్తుంది. విండోస్ తన నియమం ప్రకారం సరిగ్గానే నడుచుకుంది, దానికి కేబుల్ 100 మెగాబిట్లుగా కనిపించడమే అసలు లోపం.

గిగాబిట్ కనెక్షన్ 100కు ఎందుకు దిగుతుందంటే, రాగి తీగపై గిగాబిట్ ఈథర్నెట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఒక్క పిన్ వదులైనా, ప్యాచ్ కేబుల్ కుర్చీ చక్రం కింద నలిగినా చాలాసార్లు కనెక్షన్ తెగిపోదు, నిశ్శబ్దంగా 100 దగ్గర స్థిరపడుతుంది. పాత భవనాలలో పాయింట్లు చాలక, ఒకే కేబుల్‌లోని నాలుగు జతలను రెండు సాకెట్లకు రెండేసి చొప్పున పంచిన వైరింగ్ ఇప్పటికీ కనిపిస్తుంది, అలాంటి సాకెట్ దగ్గర ఏ ల్యాప్‌టాప్ పెట్టినా 100 దాటదు. ఇంకా తరచుగా కనిపించేది టేబుల్ మీది ఐపీ ఫోన్. గోడ నుంచి ఫోన్‌కు, ఫోన్ వెనుక ఉన్న పీసీ పోర్టు నుంచి ల్యాప్‌టాప్‌కు కేబుల్ వేసిన చోట, పాత ఫోన్లలో ఆ పోర్టు 100 మెగాబిట్లదే ఉంటుంది. ఎప్పుడో ఎవరో అడాప్టర్ ప్రాపర్టీలలో స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్‌ను 100 ఫుల్ అని స్థిరపరిచి మరిచిపోయిన ల్యాప్‌టాప్‌లు కూడా ఉంటాయి. దాన్ని ఆటో నెగోషియేషన్‌కు మార్చాలి. కొన్ని టేబుళ్ల దగ్గర మాత్రమే సమస్య వస్తోందని మీరు రాసిన మాట చదివినప్పుడే నా అనుమానం వైరింగ్ మీదికి పోయింది. లింక్ స్పీడ్ 100 అని కనిపించిన ప్రతి టేబుల్‌కూ కొత్త ప్యాచ్ కేబుల్ మార్చి, ఫోన్‌ను తప్పించి నేరుగా గోడ సాకెట్‌కు తగిలించి చూస్తే అయిదు నిమిషాలలో తేలిపోతుంది.

వైఫై 6 కార్డులు 160 మెగాహెర్ట్జ్ చానెల్‌పై కలిస్తే లింక్ వేగం 2.4 గిగాబిట్లుగా కనిపిస్తుంది, అప్పుడు వైఫై మెట్రిక్ కూడా 25 అవుతుంది. గిగాబిట్ కేబుల్‌తో అది సమానం. ఆ 2.4 గిగాబిట్ల అంకె గాలిలో పంచుకునే వేగమే గానీ ఫైల్ కాపీలో చేతికి వచ్చే వేగం కాదు, కానీ మెట్రిక్ లెక్క ఆ తేడాను చూడదు. మీ యాక్సెస్ పాయింట్లు 160 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంటే ఈ అవకాశాన్ని గుర్తుంచుకోండి. రద్దీగా ఉండే కార్యాలయంలో అంత వెడల్పు చానెల్ పెట్టడం వేరే కారణాల వల్ల కూడా మంచిది కాదు.

రెండో కారణం స్థిర ఐపీ చిరునామా. డీహెచ్‌సీపీ (ల్యాప్‌టాప్‌లకు చిరునామాలను ఆటోమేటిక్‌గా పంచే సేవ) ద్వారా వచ్చిన డిఫాల్ట్ గేట్‌వేకు రూట్ మెట్రిక్ 0 ఉంటుంది, కాబట్టి మొత్తం 25గా కనిపిస్తుంది. అదే గేట్‌వేను చేత్తో నమోదు చేస్తే దాని రూట్ మెట్రిక్ మామూలుగా 256 అవుతుంది. 256కు 25 కలిపితే 281. పక్కనే డీహెచ్‌సీపీతో వచ్చిన వైఫై 30 అంకెతో ఉంటుంది. ఈ పరిస్థితిలో మీరు ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్ మెట్రిక్‌ను 1 చేసినా మొత్తం 257 అవుతుంది, వైఫైదే గెలుపు. మీరు అంకె మార్చినా ఫలితం లేని ల్యాప్‌టాప్‌లు అకౌంట్స్ విభాగంలోనివని రాశారు. అక్కడ లైసెన్సు సర్వర్ కోసమో, ప్రింటర్ కోసమో స్థిర చిరునామాలు ఇచ్చి ఉంటారేమో చూడండి. రూట్ ప్రింట్‌లో 281 కనిపిస్తే అదే కారణం. చిరునామా మారకూడదనుకుంటే డీహెచ్‌సీపీ సర్వర్‌లో రిజర్వేషన్ (ఆ ల్యాప్‌టాప్‌కు ఎప్పుడూ అదే చిరునామా) ఇచ్చి ల్యాప్‌టాప్‌ను ఆటోమేటిక్‌కు మార్చడం మంచి పద్ధతి. అది కుదరని చోట టీసీపీ/ఐపీ అడ్వాన్స్‌డ్ కిటికీలో గేట్‌వేకు విడిగా ఉన్న ఆటోమేటిక్ మెట్రిక్ గుర్తును తీసేసి అక్కడ 1 ఇవ్వాలి. అదే కిటికీలో కింద ఉండే ఇంటర్‌ఫేస్ మెట్రిక్ వేరు, ఇది వేరు.

మూడవది ఐపీవీ6 (ఐపీ చిరునామాల కొత్త పద్ధతి, పాతది ఐపీవీ4), దీన్ని చాలామంది చూడరు. మీ ఆఫీసు లాన్‌లో (కేబుల్ నెట్‌వర్క్‌లో) ఐపీవీ4 మాత్రమే ఉండి, వైఫై మాత్రం జియో లేదా ఎయిర్‌టెల్ బ్రాడ్‌బ్యాండ్ రౌటర్ వెనుక ఉంటే, ఆ వైఫై ల్యాప్‌టాప్‌కు ఐపీవీ6 చిరునామాను, డిఫాల్ట్ రూట్‌ను కూడా ఇచ్చే అవకాశం ఉంది. అప్పుడు ఐపీవీ6 అందించే గూగుల్, యూట్యూబ్ వంటి సేవలకు బ్రౌజర్ ఐపీవీ6ను ఎంచుకుంటుంది, దానికి ఉన్న ఒకే ఒక్క దారి వైఫై. కేబుల్‌కు ఎంత చిన్న మెట్రిక్ ఇచ్చినా ఇక్కడ ఉపయోగం లేదు, ఎందుకంటే కేబుల్ వైపు పోటీకి రూటే లేదు. సర్వర్ ట్రాఫిక్ కేబుల్ మీద, బ్రౌజర్ ట్రాఫిక్ వైఫై మీద పోతున్నట్లు కనిపిస్తే రూట్ ప్రింట్‌లోని ఐపీవీ6 భాగంలో ::/0 (ఐపీవీ6 డిఫాల్ట్ రూట్) వరుస ఏ ఇంటర్‌ఫేస్‌పై ఉందో చూడండి. దీనికి ఐపీవీ6ను అన్నిచోట్లా ఆపేయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు, నేను ఇవ్వను. విండోస్‌లో ఐపీవీ6ను తీసేయవద్దని మైక్రోసాఫ్ట్ కూడా చెబుతుంది. కేబుల్ ఉన్నప్పుడు వైఫైని కలవనీయకపోవడమే దీనికి సరైన మార్గం, ఆ విధానం గురించి కింద రాస్తాను.

నాలుగవది, కేబుల్ కలిసినట్టు కనిపిస్తూ నిజానికి పని చేయకపోవడం. స్విచ్ పోర్టుపై 802.1ఎక్స్ ధ్రువీకరణ (అనుమతి ఉన్న పరికరాన్నే నెట్‌వర్క్‌లోకి రానిచ్చే పద్ధతి) ఉండి, ల్యాప్‌టాప్‌లో వైర్డ్ ఆటోకాన్ఫిగ్ సర్వీసు నడవకపోతే ధ్రువీకరణ జరగదు. ఆ సర్వీసు విండోస్‌లో మొదట మాన్యువల్‌గానే ఉంటుంది. చిరునామా 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ అందలేదని తెలుసుకోవచ్చు. ఇంకొక సూక్ష్మమైన సందర్భం ఉంది. ఇంటర్నెట్ ఉందో లేదో తెలుసుకోవడానికి విండోస్ మైక్రోసాఫ్ట్ వారి ఒక చిన్న పరీక్ష పేజీని అడుగుతుంది. మీ ఫైర్‌వాల్ ఆ అభ్యర్థనను ఆపేస్తే, కేబుల్‌పై ఇంటర్నెట్ లేదని విండోస్ అనుకుని వైఫైని వదలదు. ఎమ్ఎస్ఎఫ్‌టీ కనెక్ట్‌టెస్ట్ డాట్ కామ్ అనే ఆ చిరునామాను ఫైర్‌వాల్‌లో అనుమతించండి.

ఇప్పుడు డాక్‌ల సంగతి. మీరు మార్చిన మెట్రిక్ మరో టేబుల్ దగ్గర మాయమవడానికి కారణం ఇదే. ఈథర్నెట్ పోర్టు ల్యాప్‌టాప్‌లో కాక డాక్‌లో ఉన్నప్పుడు, ప్రతి డాక్‌లోని నెట్‌వర్క్ చిప్‌ను విండోస్ సాధారణంగా ఒక కొత్త అడాప్టర్‌గా చూస్తుంది. అందుకే కొన్నాళ్లు గడిచేసరికి ఈథర్నెట్ 5, ఈథర్నెట్ 9 వంటి పేర్లు పుట్టుకొస్తాయి. మొదటి డాక్‌కు ఇచ్చిన అమరిక రెండవ డాక్‌కు వర్తించదు. సీట్లు మారుతూ కూర్చునే కార్యాలయంలో ఈథర్నెట్ మెట్రిక్‌ను తగ్గిస్తూ పోవడం ఎప్పటికీ తెమలని పని. తప్పనిసరిగా మెట్రిక్ మార్చాలనుకుంటే ఈథర్నెట్‌ను తగ్గించకుండా వైఫైని పెంచండి. ఎన్ని డాక్‌లు మారినా ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు ఒక్కటే. సెట్-నెట్‌ఐపీఇంటర్‌ఫేస్ ఆదేశంలో ఇంటర్‌ఫేస్ పేరుగా వైఫైని, మెట్రిక్‌గా 100ని ఇస్తే, అడ్రస్ ఫ్యామిలీ పేర్కొననంత వరకు ఐపీవీ4, ఐపీవీ6 రెండింటికీ వర్తిస్తుంది. కంట్రోల్ ప్యానెల్ ద్వారా చేస్తే రెండింటికీ విడివిడిగా చేయాలి, ఇక్కడే చాలామంది సగం పని చేసి వదిలేస్తారు. ఇంట్లో వైఫై ఒక్కటే ఉన్నప్పుడు 100 అనే అంకె వల్ల ఏ నష్టమూ లేదు. ఒక్క జాగ్రత్త: ఫోన్‌ను చార్జింగ్ కోసం యూఎస్‌బీకి తగిలించి టెథరింగ్ (ఫోన్ ఇంటర్నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇచ్చే అమరిక) ఆన్‌లో ఉంచితే, విండోస్ దాన్ని ఈథర్నెట్‌గానే చూస్తుంది. అప్పుడు ఉద్యోగి మొబైల్ డేటా ఖర్చవుతుంది.

అడాప్టర్లు, బైండింగ్‌ల వరుసను మార్చమని చెప్పే పాత సలహాలు ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తాయి. అవి విండోస్ 7 కాలానివి. విండోస్ 10 నుంచి ఆ వరుసకు ఈ విషయంలో విలువ లేదు, మెట్రిక్కే లెక్క.

వైఫై తెగిపోవాలా, ఉండాలా అన్న రెండవ సంగతికి వస్తే, నా సిఫారసు గ్రూప్ పాలసీ, అంటే అన్ని ల్యాప్‌టాప్‌లకూ ఒకే చోటి నుంచి అమరికలు పంపే సౌకర్యం. కంప్యూటర్ కాన్ఫిగరేషన్ కింద అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, అందులో నెట్‌వర్క్, అందులో విండోస్ కనెక్షన్ మేనేజర్ అనే భాగం ఉంటుంది. ఇంటర్నెట్‌కు లేదా డొమైన్‌కు (కార్యాలయ విండోస్ నెట్‌వర్క్‌కు) ఏకకాలంలో ఉండే కనెక్షన్ల సంఖ్యను తగ్గించే విధానం (పాలసీ) అక్కడ ఉంది. దానికి 0 నుంచి 3 వరకు విలువలుంటాయి. ఏమీ మార్చకపోతే 1 అమలులో ఉంటుంది: కేబుల్ ఉండగా వైఫై తనంతట తాను కలవదు, అయితే వాడుకరి చేత్తో కలిపితే మాత్రం విండోస్ అడ్డుపడదు. అప్పటికే కలిసి ఉన్న వైఫైని కూడా ఈ స్థితిలో వెంటనే తెంపదు, దానిపై ట్రాఫిక్ తగ్గేదాకా ఆగుతుంది. పొద్దున ఇంటి నుంచి వచ్చి సమావేశ గదిలో వైఫైపై వీడియో కాల్ మొదలుపెట్టి, కాల్ నడుస్తుండగానే టేబుల్ దగ్గర డాక్‌కు తగిలించే ఉద్యోగి విషయంలో మీరు చూస్తున్నది ఇదే. విలువను 3 చేస్తే కేబుల్ ఉన్నంతసేపు వైఫై కలవదు, చేత్తో కలపడానికి కూడా వీలుండదు, కేబుల్ తీయగానే వైఫై తిరిగి వస్తుంది. గ్రూప్ పాలసీ టెంప్లేట్లను ఉంచే మీ సెంట్రల్ స్టోర్‌లో పాతవి ఉంటే 3 అనే ఎంపిక కనిపించదు, కొత్తవి దించుకుని పెట్టాలి. కేబుల్‌తో స్విచ్‌నో, ఇంటర్నెట్ లేని మరో పరికరాన్నో కలిపి, అదే సమయంలో వైఫైపై ఇంటర్నెట్ వాడే ఇంజనీర్లు మీ దగ్గర ఉంటే వారి ల్యాప్‌టాప్‌లను ఈ విధానం నుంచి మినహాయించండి, లేదా ముందుగా ఒకదానిపై పరీక్షించి చూడండి.

వైఫై అడాప్టర్‌ను స్క్రిప్ట్‌తో డిసేబుల్ చేసే పద్ధతి వద్దు. సాయంత్రం కేబుల్ తీసి ఇంటికి వెళ్లిన ఉద్యోగికి వైఫై కనిపించదు, దాన్ని తిరిగి ఎనేబుల్ చేయడానికి అడ్మిన్ హక్కులు ఉండవు, రాత్రి ఫోన్ మీకే వస్తుంది. బయోస్‌లో కూడా ఇలాంటి సౌకర్యం ఉంటుంది: హెచ్‌పీలో లాన్/వైర్‌లెస్ లాన్ ఆటో స్విచింగ్, డెల్‌లో వైర్‌లెస్ రేడియో కంట్రోల్, థింక్‌ప్యాడ్‌లో వైర్‌లెస్ ఆటో డిస్‌కనెక్షన్ అనే పేర్లతో కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లోనే ఉన్న ఈథర్నెట్ పోర్టుకు అది బాగానే పని చేస్తుంది. కానీ డాక్‌లోని పోర్టును ఎప్పుడూ గుర్తిస్తుందని నమ్మలేం కాబట్టి, మీలా అన్నీ డాక్‌లే ఉన్న చోట దానిపై ఆధారపడవద్దు.

అన్నీ సరిచేసిన తర్వాత కూడా ఫైల్ కాపీ వైఫై మీదే పోతున్నట్లు కనిపిస్తే రెండు విషయాలు చూడాలి. ఒకటి, అప్పటికే మొదలైన కనెక్షన్లు దారి మార్చుకోవు. వైఫై చిరునామాతో మొదలైన టీసీపీ కనెక్షన్ ముగిసేదాకా వైఫైపైనే సాగుతుంది, కాబట్టి పరీక్షించేటప్పుడు లాగాఫ్ అయి మళ్లీ రావాలి. రెండవది, విండోస్ 8 నుంచి ఉన్న ఎస్‌ఎంబీ మల్టీచానెల్ (ఎస్‌ఎంబీ అంటే విండోస్‌లో ఫైళ్లను పంచుకునే పద్ధతి). ఫైల్ సర్వర్‌కు వెళ్లే ట్రాఫిక్‌కు ఇది అడాప్టర్లను లింక్ వేగం, వాటి సామర్థ్యాల ఆధారంగా తానే ఎంచుకుంటుంది. అందుచేత కేబుల్ 100 దగ్గర ఉండి వైఫై 866 చూపిస్తుంటే, మెట్రిక్ ఏమి చెప్పినా ఫైళ్లు వైఫై మీదుగా రావచ్చు. గెట్-ఎస్‌ఎంబీమల్టీచానెల్‌కనెక్షన్ ఇస్తే ఏ చిరునామా వాడుతోందో కనిపిస్తుంది. దీనికి కూడా మందు కేబుల్‌ను గిగాబిట్‌కు తేవడమే.

డీఎన్ఎస్ గురించి కొంచెమే చెబుతాను. రెండు కనెక్షన్లూ ఉన్నప్పుడు విండోస్ అన్ని అడాప్టర్ల డీఎన్ఎస్ సర్వర్లనూ అడగగలదు. వైఫై అతిథుల నెట్‌వర్క్ అయితే మీ లోపలి సర్వర్ పేర్లు ఆ డీఎన్ఎస్‌కు తెలియవు, పైగా ఆ పేర్లు బయటికి పోతాయి. డీఎన్ఎస్ క్లయింట్ విధానాలలో స్మార్ట్ మల్టీ-హోమ్డ్ నేమ్ రిజల్యూషన్‌ను (అన్ని అడాప్టర్ల డీఎన్ఎస్ సర్వర్లనూ అడిగే ఈ పద్ధతిని) ఆపే విధానం ఉంది, దాన్ని అమలు చేయండి. ఆఫీసు వైఫై కూడా అదే డొమైన్‌లో ఉంటే ల్యాప్‌టాప్ తన రెండు చిరునామాలనూ డీఎన్ఎస్‌లో నమోదు చేసుకుంటుంది. రిమోట్ డెస్క్‌టాప్‌తో కలిసేటప్పుడు ఒకసారి కలవడం, మరోసారి కలవకపోవడం జరిగితే అక్కడ చూడండి.

పని మొదలుపెట్టే వరుస నా ఉద్దేశంలో ఇది: అన్ని టేబుళ్ల దగ్గరా లింక్ స్పీడ్ రాసుకోండి, 100 ఉన్నవాటిని బాగు చేయండి. స్థిర చిరునామాలను రిజర్వేషన్‌లుగా మార్చండి. చేత్తో ఇచ్చిన మెట్రిక్‌లన్నిటినీ ఆటోమేటిక్‌కు తిప్పండి, లేకపోతే తర్వాత వచ్చే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. ఆ తర్వాత పైన చెప్పిన గ్రూప్ పాలసీ విధానం విలువను 3 చేసి రెండు మూడు ల్యాప్‌టాప్‌లపై పెట్టి, డాక్ నుంచి తీయడం, మళ్లీ తగిలించడం, నిద్రావస్థ నుంచి లేపడం, వీపీఎన్ నడుస్తుండగా కేబుల్ లాగడం అనే నాలుగు సందర్భాలలో చూడండి. వీపీఎన్ ఉన్నప్పుడు కేబుల్ లాగితే కొన్ని క్లయింట్లు తిరిగి కలవడానికి కొంత సమయం తీసుకుంటాయి. అది విధానంలోని లోపం కాదు, కానీ ఉద్యోగులకు ముందే చెప్పకపోతే అన్ని ఫిర్యాదులూ మీరు చేసిన మార్పు ఖాతాలోనే పడతాయి.

మీ డిజైన్ విభాగంలో ఉన్నాయన్న మ్యాక్‌బుక్‌లకు ఇదేమీ అక్కర్లేదు. నెట్‌వర్క్ అమరికలలో సెట్ సర్వీస్ ఆర్డర్ తెరిచి ఈథర్నెట్ లేదా డాక్ పేరున్న వరుసను వైఫై పైకి లాగితే చాలు. అక్కడ కూడా కొత్త డాక్ తగిలించినప్పుడు కొత్త వరుస పుట్టవచ్చు కాబట్టి, అది వైఫై కిందికి చేరలేదని ఒకసారి చూడండి. లైనక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ ఈథర్నెట్‌కు 100, వైఫైకి 600 మెట్రిక్ ఇస్తుంది. లింక్ వేగంతో ఆ అంకెలకు సంబంధం లేదు, అందువల్ల మీరు ఎదుర్కొంటున్న 100 మెగాబిట్ల చిక్కు అక్కడ తలెత్తదు.